బ్యారీ శాండర్స్ 1999లో ఆట మానేయడం న్యాయమేనా?

ఆదివారం ఆట:

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఆడే లయన్స్ గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా చివరికి ఆ ఫ్యాక్స్ దగ్గరికే వస్తున్నాం. అందుకే ఈ ఒక్క విషయమే విడిగా తేల్చుకుందాం.

తెలియనివాళ్ళ కోసం: 1999 జులై 27న డెట్రాయిట్ లయన్స్ రన్నింగ్ బ్యాక్ బ్యారీ శాండర్స్ ఆట మానేస్తున్నానని ఒక ప్రకటన రాసి, తన సొంతూరు పత్రిక విచిటా ఈగిల్‌కి ఫ్యాక్స్ పంపాడు. ప్రెస్ మీట్ పెట్టలేదు, వీడ్కోలు మ్యాచ్ ఆడలేదు. వార్త బయటికొచ్చిన రోజుల్లో అతను లండన్‌లో ఉన్నాడు. అప్పటికి వయసు 31. పది సీజన్లలో పరిగెత్తింది 15,269 యార్డులు. కెరీర్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పరిగెత్తిన రికార్డు అప్పటికి వాల్టర్ పేటన్ పేరు మీద ఉంది, 16,726. అంటే మిగిలింది 1,457 యార్డులే. దానికి ముందు సీజన్లో, అదీ అతని స్థాయికి మామూలు సీజన్లో, 1,491 పరిగెత్తాడు. ఇంకొక్క ఏడాది అలాగే ఆడినా రికార్డు అతనిదయ్యేది.

నా మాట ముందే చెప్తున్నాను. అతను చేసింది న్యాయమే. రన్నింగ్ బ్యాక్ పని ఏమిటి? బంతి చంకలో పెట్టుకుని, నూట ముప్పై కిలోల మనుషులు కాచుకుని ఉన్న చోటికే పరిగెత్తడం. బ్యారీ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. ఆ పని 3,062 సార్లు చేశాడు, పాస్ పట్టుకుని పరిగెత్తినవి కాకుండానే. అంత చేసినవాడు ఇక చాలు అంటే, ఎందుకు చాలో మనకు సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. ప్రకటనలో చెప్పింది కూడా అంతే, ఆటలో ఉండాలన్న కోరిక కంటే బయటపడాలన్న కోరిక పెద్దదైందని. స్ట్రెచర్ మీద కాకుండా సొంత కాళ్ళ మీద బయటికి నడిచాడు.

తప్పు అనేవాళ్ళు కారణం చెప్పండి. "రికార్డు పోయిందే" అని మాత్రం అనకండి. అది అతని రికార్డు, అతని ఇష్టం.

ఫ్రిస్కో కుర్రాడు:

అన్నా, రికార్డు మాటే ఎత్తొద్దంటే ఎలా? అది అతనొక్కడిదే అంటే ఒప్పుకోను. ప్రతి పరుగులోనూ ముందు ఐదుగురు లైన్‌మెన్ ఒళ్ళు హూనం చేసుకుంటారు. లోమస్ బ్రౌన్, కెవిన్ గ్లోవర్ లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి దారి చేసి పెట్టారు. వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు. అతను రికార్డు కొట్టి ఉంటే ఆ గౌరవంలో వాళ్ళకీ వాటా దక్కేది.

మా డల్లాస్ రన్నింగ్ బ్యాక్ ఎమ్మిట్ స్మిత్‌ని చూడండి. బ్యారీ తర్వాత ఒక ఏడాదికే, 1990లో లీగ్‌లోకి వచ్చాడు. దెబ్బలు తక్కువ తిన్నాడా? 15 సీజన్లు ఆడాడు, 2002 అక్టోబర్ 27న పేటన్‌ని దాటాడు, 18,355 దగ్గర ఆగాడు. మూడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడు. అయినా డల్లాస్‌లో ఏ ఇంట్లో కూర్చున్నా ఎవరో ఒకరు "బ్యారీ ఇంకో రెండేళ్ళు ఆడుంటేనా..." అని మొదలుపెడతారు. ఆడనివాడి "ఉంటే గింటే"లు ఆడినవాడి 18,355తో పోటీ పడుతున్నాయి. ఇది ఎమ్మిట్‌కి అన్యాయం కాదా?

కొత్త ప్రేక్షకుడు:

నేను ఎమ్మెస్‌కి ఆన్ ఆర్బర్ వచ్చాక ఈ ఆట చూడటం మొదలుపెట్టాను, కాబట్టి నాది చర్చ కాదు, సందేహం. బ్యారీ అంత గొప్పవాడైతే లయన్స్ అన్నేళ్ళలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచే గెలిచారని ఎందుకంటారు? క్రికెట్‌లో ఒక్క బ్యాట్స్‌మన్ నిలబడి మ్యాచ్ లాగేసిన రోజులు చూశాం కదా. ఇక్కడ అలా కుదరదా?

నోవై పాతకాపు:

మంచి ప్రశ్న తమ్ముడూ. నేను 90ల మొదట్లో మిషిగన్ వచ్చాను. అప్పటి లయన్స్ స్టేడియం పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో బ్యారీ ఆట కళ్ళారా చూసినవాణ్ణి. అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

రన్నింగ్ బ్యాక్ చేతికి బంతి వచ్చేసరికే సగం కథ అయిపోతుంది. లైన్ దారి తీయకపోతే ఎంతటివాడైనా వెనకే కూలబడతాడు. ఇక ఎదుటి జట్టుకి బంతి విసిరే మన క్వార్టర్‌బ్యాక్ అంటే భయం లేదనుకోండి, పరుగు ఆపడానికి ఎనిమిది మందిని ముందుకి తెచ్చి నిలబెడతారు. లయన్స్ విషయంలో చాలాసార్లు జరిగింది అదే. రాడ్నీ పీట్, ఎరిక్ క్రామర్, ఆండ్రీ వేర్, స్కాట్ మిచెల్, చార్లీ బ్యాచ్, ఇలా పదేళ్ళలో క్వార్టర్‌బ్యాక్‌లు మారుతూనే ఉన్నారు. అదే కాలంలో డల్లాస్‌లో ట్రాయ్ ఐక్‌మన్ ఉన్నాడు, గ్రీన్ బేలో బ్రెట్ ఫావ్ర్ ఉన్నాడు.

ప్లేఆఫ్స్‌కి ఐదు సార్లు వెళ్ళాం. గెలిచింది 1992 జనవరి 5న డల్లాస్ మీద, 38-6. ఫ్రిస్కో బాబూ, ఆ స్కోరు మీవాళ్ళనడిగితే చెప్తారు. తర్వాతి వారమే వాషింగ్టన్ మమ్మల్ని 41-10తో ఇంటికి పంపింది. 1994 సీజన్ ప్లేఆఫ్‌లో గ్రీన్ బేలో బ్యారీ 13 సార్లు బంతి పట్టుకుంటే వచ్చింది మైనస్ 1 యార్డు. ఆ సీజన్లో అతను 1,883 యార్డులు పరిగెత్తి లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్నాడు. అదే మనిషి, అవే కాళ్ళు. దారి లేకపోతే అంతే.

ఇంత చెప్పినా నేను ఆదివారం గారి వైపు లేను. ఆట మానేయడం అతని హక్కు, నాకు గొడవ లేదు. మానేసిన పద్ధతి మీదే నా కోపం. అదే ప్రకటనలో, 98 సీజన్ అయిన కొన్నాళ్ళకే తిరిగి రానేమో అనిపించిందని అతనే రాశాడు. అంటే జనవరి, ఫిబ్రవరి మాట. జట్లు కాలేజీ కుర్రాళ్ళని వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఏప్రిల్‌లో. ఫ్యాక్స్ జులై చివర్లో, ట్రైనింగ్ క్యాంప్ తలుపులు తీసే వేళకి. కోచ్ బాబీ రాస్‌కి, తోటి ఆటగాళ్ళకి ముందే ఒక ఫోన్ చేసి ఉండొచ్చు. పదేళ్ళు కలిసి నలిగినవాళ్ళకి ఆ మాత్రం బాకీ ఉండదా? మేమంతా ఆ పొద్దున రేడియోలో విన్నాం. ఇంట్లో మనిషి చెప్పకుండా వెళ్ళిపోతే ఎలా ఉంటుందో అలా అనిపించింది.

పద్దుల పుస్తకం:

భావాలు పక్కన పెట్టి కాగితం చూద్దాం, నేను చేసే పని అదే కాబట్టి.

1997లో బ్యారీ ఆరేళ్ళ కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టాడు. సైనింగ్ బోనస్‌గా 11 మిలియన్ డాలర్లు తీసుకున్నాడు. ఆ బోనస్ ఆరేళ్ళ ఆటకి ముందుగా ఇచ్చిన సొమ్ము. జట్టు లెక్కల్లోనూ ఆరేళ్ళకి సమానంగా పరిచి, ఒక్కో ఏడాది సాలరీ క్యాప్‌లో (జీతాలకి లీగ్ పెట్టిన పరిమితిలో) ఆరో వంతు చూపిస్తారు. అతను ఆడింది రెండేళ్ళు. నాలుగేళ్ళ ఆట ఇవ్వలేదు. ఆ వాటా తిరిగి ఇమ్మని జట్టు అడగడంలో తప్పేముంది? ఇవ్వనన్నాడు. గొడవ మధ్యవర్తి దగ్గరికి వెళ్ళింది. 2000 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. ఆరో వంతు వెంటనే కట్టాలి, మిగతాది కాంట్రాక్ట్‌లో ఉన్న ఒక్కో ఏడాదికీ, ఆటకి దూరంగా ఉన్నంతకాలం కట్టుకుంటూ పోవాలి. దాదాపు జట్టు మాటే నెగ్గింది.

ఆదివారం ఆట గారికి ఒక ప్రశ్న. తనను విడుదల చేస్తే బోనస్ మొత్తం తిరిగి ఇచ్చేస్తానని బ్యారీ తరఫున ప్రతిపాదన వెళ్ళింది. లయన్స్ ఒప్పుకోలేదు. ఆట మీద కోరికే చచ్చిపోయినవాడికి విడుదల ఎందుకు? విడుదల కావాల్సింది ఇంకో జట్టుకి ఆడదామనుకున్నవాడికే కదా. అప్పుడది రిటైర్మెంట్ ఎలా అవుతుంది? కాంట్రాక్ట్ మధ్యలో పని ఆపి బేరం పెట్టడం అవుతుంది.

ఆదివారం ఆట:

పద్దులు గారూ, అసలు విషయం మీ ప్రశ్నలోనే ఉంది. అతనికి విరక్తి పుట్టింది ఫుట్‌బాల్ మీద కాదు, లయన్స్‌లో ఫుట్‌బాల్ మీద. తేడా ఉందా లేదా?

వరసగా చూడండి. 1995 సీజన్ అయ్యాక లోమస్ బ్రౌన్ అరిజోనా వెళ్ళాడు. డిఫెన్స్‌కి గుండెకాయ లాంటి క్రిస్ స్పీల్‌మన్ బఫెలో వెళ్ళాడు. 1997లో బ్యారీ కొత్త సంతకం పెట్టాడు, ఆ ఏడాది 2,053 యార్డులు పరిగెత్తాడు, ఫావ్ర్‌తో కలిసి ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు, అయ్యాడు. దానికి లయన్స్ ఇచ్చిన బహుమతి ఏమిటి? సీజన్ అవగానే సెంటర్ కెవిన్ గ్లోవర్‌ని వదిలేశారు. గ్లోవర్ అతని ముందు నిలబడి దారి చేసే మనిషి, జట్టులో దగ్గరి స్నేహితుడు కూడా. జీతాల లెక్క కుదరలేదన్నారు. తర్వాతి సీజన్లో జట్టు గెలిచింది 5, ఓడింది 11. ఎవరు గెలవాలనుకుంటున్నారు అక్కడ?

మీరు సంతకం సంతకమే అంటారు. ఆ సంతకం రెండు వైపులా ఒకేలా కట్టేస్తుందా? జట్టు గ్లోవర్‌ని ఒక పొద్దున పిలిచి వెళ్ళమనగలదు. ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్టుల్లో మిగిలిన ఏళ్ళ జీతానికి చాలావరకు గ్యారంటీ ఉండదు. ఆటగాడు మాత్రం జట్టుని వదిలి ఇంకో చోటికి పోలేడు. అతనికున్న తలుపు ఒక్కటే, ఆట మానేయడం. బ్యారీ దాన్నే వాడుకున్నాడు. దాన్ని బేరం అంటే అనండి, బేరం పెట్టే హక్కు మనిషికి ఉంది. పైగా డబ్బు మొత్తం వెనక్కి ఇస్తానన్నాడు కూడా.

పాతకాపు గారూ, ఏప్రిల్‌లో చెప్పి ఉంటే అన్నారు. 1999 డ్రాఫ్ట్‌లో రన్నింగ్ బ్యాక్‌లు ఎడ్జరిన్ జేమ్స్ నాలుగో వాడిగా, రికీ విలియమ్స్ ఐదో వాడిగా పోయారు. లయన్స్ వంతు వచ్చింది తొమ్మిదో చోట. వాళ్ళు ఎలాగూ దొరికేవాళ్ళు కాదు. అయినా బ్యారీ లేని ఆ ఏడాదే లయన్స్ 8-8తో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. జట్టు మునిగిపోయిందన్న మాట నిలబడదు.

నోవై పాతకాపు:

నేను జట్టు మునిగిందనలేదు బాబూ. చెప్పి వెళ్ళాల్సిందన్నాను. రెండూ ఒకటి కాదు.

ఫిజియో పని:

నేను ఆసుపత్రిలో మోకాళ్ళు, నడుములు చూసేదాన్ని. నాకు ఈ చర్చలో ఒక్క విషయమే కళ్ళ ముందు తిరుగుతోంది.

1998 సీజన్లో ఎక్కువ యార్డులు పరిగెత్తిన మొదటి నలుగురినీ తీసుకోండి. డెన్వర్ టెరెల్ డేవిస్ 2,008. అట్లాంటా జమాల్ ఆండర్సన్ 1,846. శాన్ ఫ్రాన్సిస్కో గ్యారిసన్ హర్స్ట్ 1,570. నాలుగోవాడు బ్యారీ, 1,491.

డేవిస్ 1999 నాలుగో మ్యాచ్‌లో, బంతి ఎదుటివాళ్ళ చేతికి పోతే వాళ్ళని ఆపబోయి మోకాలి లిగమెంట్లు తెంచుకున్నాడు. మళ్ళీ పాత డేవిస్ కాలేదు, రెండేళ్ళలో ఆట ముగిసింది. ఆండర్సన్ రెండో మ్యాచ్‌లోనే మోకాలు పోగొట్టుకున్నాడు. హర్స్ట్‌కి 98 సీజన్ ప్లేఆఫ్‌లోనే చీలమండ విరిగింది. 1999, 2000 రెండు సీజన్లూ పోయాయి. ఎముకకి రక్తం అందక కుళ్ళిపోయే స్థితి వచ్చింది, తిరిగి ఆడటమే ఒక అద్భుతం.

నలుగురిలో ముగ్గురికి ఏడాదిలోపే ఈ గతి. నాలుగోవాడు ఇంట్లో ఉన్నాడు. అదే జాబితాలో ఇంకొంచెం కిందికి వెళ్తే న్యూ ఇంగ్లండ్ కుర్రాడు రాబర్ట్ ఎడ్వర్డ్స్ కనిపిస్తాడు. తొలి సీజన్లోనే వెయ్యి దాటాడు. 1999 ఫిబ్రవరిలో హవాయిలో సముద్రపు ఒడ్డున సరదా మ్యాచ్ ఆడుతూ, కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంతగా మోకాలు చిదుపుకున్నాడు.

ఇంకో ఏడాది ఆడితే 1,457 వచ్చేవి అని మనం లెక్క వేస్తున్నాం. ఆ లెక్కలో మోకాలు ఉందా? 31 ఏళ్ళ మోకాలు, పదేళ్ళు సిల్వర్‌డోమ్ కృత్రిమ గడ్డి మీద అంత పదునైన మలుపులు తిరిగిన మోకాలు. బ్యారీలాగా ఒక్క కాలి మీద ఆగి, శరీరాన్ని అడ్డంగా తిప్పి, మళ్ళీ దూకడం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. దాని భారమంతా పడేది ఆ ఒక్క కీలు మీద.

ఫ్రిస్కో కుర్రాడు:

ఫిజియో అక్కా, మీ జాబితా చదివితే భయమేసింది, నిజమే. కానీ విరిగినవాళ్ళనే ఏరి చూపించారు. డేవిస్ ఆ సీజన్లో 392 సార్లు బంతి మోశాడు. ఆండర్సన్ 410 సార్లు, అప్పటికి అది లీగ్ రికార్డు. బ్యారీ మోసింది 343. వాళ్ళ మీద పడ్డ భారం ఇతని మీద పడలేదు. పదేళ్ళలో 160 మ్యాచ్‌లకి బ్యారీ ఆడనివి ఏడే. ఒడుపుగా తప్పించుకునేవాడు, నిండుగా దెబ్బ తగిలేది తక్కువ.

ఫ్రాంక్ గోర్ సంగతి చూడండి. కాలేజీలోనే రెండు మోకాళ్ళూ పోయాయి. ఎన్ఎఫ్ఎల్‌లో 16 సీజన్లు ఆడాడు, సరిగ్గా 16,000 యార్డులు పరిగెత్తాడు. 2019లో బ్యారీనే దాటి మూడో స్థానానికి వచ్చాడు. వయసు, మోకాళ్ళు అందరికీ ఒకేలా పనిచేయవు. బ్యారీ ఇంకా బాగా ఆడగలిగిన స్థితిలో వెళ్ళాడన్నది అతన్ని మెచ్చుకునేవాళ్ళు కూడా ఒప్పుకునే మాటే.

ఫిజియో పని:

హర్స్ట్ మోసింది 310 సార్లే తమ్ముడూ, బ్యారీ కంటే తక్కువ. గోర్ లాంటివాడు ఎందుకు ప్రత్యేకంగా కనిపిస్తాడో తెలుసా? అతని వెనక ఆగిపోయినవాళ్ళ పేర్లు మనకు తెలియవు కాబట్టి. ఇంకా బాగా ఆడగలిగిన స్థితిలో వెళ్ళాడని మీరు తప్పుగా చెప్తున్నారు. నేను దాన్నే సరైన సమయం అంటాను. నా దగ్గరికి వచ్చే ఆటగాళ్ళు, చిన్న స్థాయివాళ్ళే అయినా, ఒక్కరు కూడా ఆ సమయంలో రారు. అందరూ తర్వాతే వస్తారు.

కొత్త ప్రేక్షకుడు:

ఇందాకటి నుంచి బ్యారీ పాత మ్యాచ్‌ల వీడియోలు చూస్తూ కూర్చున్నాను, రేపు సబ్మిషన్ ఉంది, టెన్షన్‌గానే ఉంది, అయినా ఆపలేకపోయాను. టచ్‌డౌన్ చేశాక గంతులు లేవు, బంతిని రిఫరీ చేతికి ఇచ్చి వెనక్కి నడుస్తాడు. ఎప్పుడూ ఇంతేనా? ఇంకొకటి, తొలి సీజన్లో ఏదో పది యార్డుల కథ ఉందంటున్నారు, అదేమిటి?

ఆదివారం ఆట:

ఎప్పుడూ అంతే. పది యార్డుల కథ ఇది. 1989, అతని మొదటి సీజన్, చివరి మ్యాచ్ అట్లాంటాలో. లయన్స్ గెలుపు ఖాయమైపోయింది, బ్యారీ బెంచి మీద ఉన్నాడు. అప్పటికి అతనివి 1,470 యార్డులు. లీగ్‌లో మొదటి స్థానం కాన్సస్ సిటీ క్రిస్టియన్ ఒకోయేది, 1,480. ఇంకో పదకొండు యార్డులు పరిగెత్తితే మొదటి ఏడాదే రషింగ్ టైటిల్. కోచ్ వేన్ ఫాంట్స్ వెళ్తావా అని అడిగాడు. అక్కర్లేదన్నాడు.

విచిటాలో హైస్కూల్ ఆడినప్పుడు కూడా ఇలాగే, సిటీ టైటిల్ అందేంత దూరంలో ఉన్నా చివరి మ్యాచ్‌లో మళ్ళీ మైదానంలోకి దిగనన్నాడు. పదిహేడేళ్ళప్పుడు ఒకలా, ముప్పై ఒకటో ఏట ఇంకోలా ప్రవర్తించలేదు. ఈ మనిషి నుంచి పేటన్ రికార్డు కోసం ఓడిపోయే జట్టులో ఇంకో ఏడాది ఉండాలని ఆశించడం, అతను ఎవరో తెలియకుండా ఆశించడమే.

ఇంకో మాట. 1999 ఫిబ్రవరిలో పేటన్ తనకు కాలేయ జబ్బు ఉందని లోకానికి చెప్పాడు. ఆ నవంబర్ 1న చనిపోయాడు. రికార్డు ఆ రోజుకి అతని పేరు మీదే ఉంది. బ్యారీ ఆ కారణంగా మానేశాడని నేను అనట్లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఆ విషయం తలుచుకుంటే నాకు ఏదో తృప్తిగా ఉంటుంది.

ఫ్రిస్కో కుర్రాడు:

అంకెలంటే పట్టనివాడని కథ అల్లకండి అన్నా. 1997లో మొదటి రెండు మ్యాచ్‌లలో కలిపి అతనికి వచ్చినవి 53 యార్డులు. మిగతా 14 మ్యాచ్‌లలో సరిగ్గా 2,000. పద్నాలుగింటిలోనూ వంద దాటాడు. పట్టుదల లేనివాడు చేసే పని కాదది. గెలవాలన్న ఆకలి ఉన్నవాడే. అందుకే నాకు బాధ. ఆ ఆకలి ఇంకో రెండేళ్ళు మైదానంలో చూసే భాగ్యం మా తరానికి లేకుండా పోయింది.

నోవై పాతకాపు:

ఆ 2,000 దాటిన రోజు సంగతి చెప్పాలి. 1997 డిసెంబర్ 21, న్యూయార్క్ జెట్స్‌తో ఆఖరి మ్యాచ్. గెలిస్తే ప్లేఆఫ్స్. నేను స్టేడియంలోనే ఉన్నాను.

మా డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్ రెజీ బ్రౌన్ ఒక టాకిల్‌లో తల వంచి గుద్దుకుని కింద పడ్డాడు. లేవలేదు. కదల్లేదు. శ్వాస ఆగిపోయింది. మైదానంలోనే నోటి ద్వారా ఊపిరి అందించారు. దాదాపు ఎనభై వేల మంది ఉన్న చోట పక్కవాడి ఊపిరి వినపడింది. ఆటగాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చారు. వెన్నెముకకి ఆపరేషన్ చేశారు, దేవుడి దయ, తర్వాత నడిచాడు. ఆట మాత్రం మళ్ళీ ఆడలేదు. వయసు 23.

అంబులెన్స్ వెళ్ళాక ఆట మొదలైంది. బ్యారీ ఆ రోజు 184 యార్డులు పరిగెత్తాడు, 2,000 దాటాడు, మేం 13-10తో గెలిచాం. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పబోతే ఏది ముందు చెప్పాలో తెలియలేదు.

అది మొదటిసారి కూడా కాదు. 1991 నవంబర్ 17న అదే స్టేడియంలో బ్యారీకి దారి చేసే గార్డ్ మైక్ అట్లీ పడిపోయాడు, ఛాతీ కింద నుంచి చచ్చుబడిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే బొటనవేలు పైకెత్తి చూపించాడు. ఆ సీజన్లోనే మాకు ఆ ఒక్క ప్లేఆఫ్ గెలుపు. తర్వాతి జూన్‌లో ఇంకో గార్డ్ ఎరిక్ ఆండొల్‌సెక్ లూసియానాలో తన ఇంటి ముందు పని చేసుకుంటుంటే, దారి తప్పిన లారీ గుద్ది చనిపోయాడు. ఏడు నెలల్లో ఇద్దరు గార్డులు.

ఇవన్నీ చూసినవాడికి ఆట మీద మనసు విరిగిందంటే నాకు అర్థమవుతుంది. ఆదివారం గారి కంటే ఎక్కువే అర్థమవుతుందని అనుకుంటున్నాను. అందుకే అంటున్నాను, అంత కలిసి అనుభవించినవాళ్ళకి ఫ్యాక్స్ కంటే ముందు ఒక మాట దక్కాల్సింది. రెజీ బ్రౌన్ కోసం మోకాళ్ళ మీద కూర్చున్న ఆ కుర్రాళ్ళే, తమ నాయకుడు ఇక రాడని పత్రికల ద్వారా తెలుసుకున్నారు.

పద్దుల పుస్తకం:

పాతకాపు గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కాగితం మీద నా అభిప్రాయం మారలేదు. తీసుకున్న బోనస్‌లో ఆడని వాటా తిరిగి ఇవ్వాల్సిందే, బ్యారీ ముందే ఇచ్చేసి ఉంటే గొడవ సగం తగ్గేది. అయితే అడిగే హక్కు ఉండటం వేరు, అడిగి తీరాలనుకోవడం వేరు. 2019లో ఇండియానాపొలిస్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ సీజన్ మొదలవడానికి రెండు వారాల ముందు ఆట మానేశాడు. అతని నుంచి రెండు కోట్ల డాలర్లకు పైగా వెనక్కి తీసుకునే అవకాశం ఉన్నా జట్టు అడగలేదు. అదే లయన్స్ 2016లో కాల్విన్ జాన్సన్ మానేస్తే అతని బోనస్‌లోనూ కొంత రాబట్టుకున్నారు. ఆ మనస్పర్థ చాలా ఏళ్ళు నడిచింది. ఒకే జట్టులో పదిహేడేళ్ళ తేడాతో ఇద్దరు మహా ఆటగాళ్ళు, ఇద్దరూ ముప్పై, ముప్పై ఒకటి దగ్గర, ఇద్దరూ ఇంకా ఆడగలిగి ఉండగానే వెళ్ళిపోయారు. ఇద్దరి దగ్గరా డబ్బు అడిగారు. ఆడిటర్‌గా నేను ఒక సంస్థలో ఇలాంటిది రెండోసారి చూస్తే ఉద్యోగిని ప్రశ్నించను, యాజమాన్యాన్ని ప్రశ్నిస్తాను.

కొత్త ప్రేక్షకుడు:

అయితే 1999లోనే అతన్ని వేరే జట్టుకి ట్రేడ్ చేసి ఉంటే సరిపోయేది కదా? తర్వాత క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌కి చేసినట్టు?

నోవై పాతకాపు:

సరిపోయేది. మాథ్యూ స్టాఫర్డ్ 2021లో వెళ్ళిపోతానని జట్టుతో నేరుగా చెప్పాడు. లయన్స్ ఒప్పుకుని లాస్ ఏంజెలెస్ రామ్స్‌కి పంపారు. అతను అక్కడ మొదటి సీజన్లోనే సూపర్ బౌల్ గెలిచాడు. మాకు క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్, డ్రాఫ్ట్ పిక్స్ వచ్చాయి. 2024 జనవరి 14న ఆ గాఫ్‌తోనే, ఆ స్టాఫర్డ్ మీదే, 24-23తో గెలిచాం. 1992 తర్వాత అదే మొదటి ప్లేఆఫ్ గెలుపు. 32 ఏళ్ళు.

స్టాఫర్డ్ నోరు తెరిచి అడిగాడు. తేడా అక్కడే ఉంది.

ఆదివారం ఆట:

బ్యారీ వైపు నుంచి కూడా అడిగారు. డబ్బు మొత్తం ఇచ్చేస్తాం, వదలండి అన్నారు. వదల్లేదు. 2023 సెప్టెంబర్‌లో తమ స్టేడియం ఫోర్డ్ ఫీల్డ్ ముందు అతని విగ్రహం పెట్టిన జట్టే అది.

నోవై పాతకాపు:

ఫ్యాక్స్ వెళ్ళాక అడిగారు. నేను ఏప్రిల్ గురించి అడుగుతున్నాను.